పదిహేడో కాగితంలో గీత

జూలై 3

మా ఆయనను ఇంటికి తీసుకొచ్చారు. రెండు కళ్ళకూ తెల్లని కట్టు. చూపు పోదని ఖమ్మం దవాఖానాలో డాక్టర్ మూడుసార్లు చెప్పాడట. మామ మూడుసార్లు అడిగాడు కాబట్టి. ఆగస్టు అయిదు దాకా కట్టు విప్పకూడదు, వెలుతురు తగలకూడదు, ఆ తర్వాత అన్నీ మామూలే అన్నాడట.

ఆగస్టు అయిదు. కానీ ఆయన పుస్తకానికి ఆఖరి తేదీ జూలై ముప్పై ఒకటి. ఆ రోజు సాయంత్రం అయిదింటిలోగా యూనివర్సిటీలో ఇవ్వకపోతే ఆరేళ్ళ పీహెచ్‌డీ రద్దు. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. ఇక పెంచరు.

కారు దిగుతూ చెయ్యి గాలిలోకి చాపాడు. ఎవరి కోసమో తెలియలేదు. అత్త పట్టుకుంది. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను.

జూలై 4

ఆయన ల్యాబులోనే పనిచేసే జ్యోత్స్న పొద్దున బస్సుకు పెద్ద సంచీతో వచ్చింది. ఆయనను అన్నా అంటుంది, నన్ను వదినా అంది. ఎలా జరిగిందో ఆమె చెప్పింది. ట్రిఫ్లిక్ ఆన్‌హైడ్రైడ్ అని ఒక రసాయనం ఉందట. గాలిలోని తడి తగిలినా పొగలు కక్కుతుందట. ఆ రోజు వాన. రక్షణ కళ్ళద్దాలకు ఆవిరి పడితే తుడుద్దామని నుదుటి మీదికి జరిపాడట. ఒక్క క్షణం. ఒక్క చుక్క.

పుస్తకంలో మాటలన్నీ టైపు అయిపోయాయి. మిగిలింది సంచీలోని కాగితాలు. ఆయన చేసిన పదార్థాలు ఇరవై నాలుగు. ఒక్కొక్కదానికి మూడేసి కాగితాలు. వాటి మీది అంకెలు చదవాలి, ఆయన రాతపుస్తకంతో సరిపోల్చాలి, వరుసలో పెట్టాలి. చివరి ఎనిమిదింటి కాగితాలైతే ఆయన అసలు చూడనే లేదు. మిషను దగ్గర నుంచి వచ్చేసరికి ఆయన దవాఖానాలో ఉన్నాడు.

"నేను ఇక్కడ ఉండలేనన్నా, నా పరీక్షలు నడుస్తున్నయి. ఎవరు సదువుతరు?" అంది జ్యోత్స్న.

ఆయన కట్టు ఉన్న ముఖం అటూ ఇటూ తిప్పి, "ప్రమీల సదువుతది. ఏడో తరగతి దాకా సదివింది," అన్నాడు.

ఎదురుగా మంచం మీద మామ ఉన్నాడు. పెళ్ళయిన ఈ పద్నాలుగు నెలల్లో మామ నా గొంతు వినలేదు. మా తండాలో కోడలు మామ ముందు కొంగు దించి ఉంటుంది, మాట బయటికి రానివ్వదు. మా తల్లిగారింట్లో మా వదిన కూడా అంతే. ఆ సంగతి ఆయనకు తెలియదా.

జూలై 6

వాన ముసురు పట్టింది. మామ పత్తి చేనుకు పోవడం లేదు. వాన లేకపోయినా పోయేవాడు కాదేమో. కొడుకు పక్కన మంచం వేసుకుని పొద్దంతా కూర్చుంటున్నాడు.

నేను ఆయన చెవి దగ్గర వంగి గుసగుసగా చదివాను. ఏడు పాయింటు రెండు ఎనిమిది. ఏడు పాయింటు ఒకటి తొమ్మిది.

"గట్టిగ సదువు, ఏం ఇనవడ్తలేదు. తొమ్మిదా, ఏడా?"

చెవికి ఇంకా దగ్గరగా వంగాను. అత్త వంటింట్లోంచి చూసి నవ్వింది. "ఏందే, మొగని చెవుల మంత్రం ఊదుతున్నవా? నా కొడుక్కి కండ్లు మూసుకుంటెగాని పెండ్లం దగ్గరికి రాలే."

మామ దగ్గాడు. నేను నాలుగు అంకెలు దాటేశాను. మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది.

జూలై 7

వాన. కరెంటు లేదు. మూడో నంబరు దాకా అయింది.

జూలై 9

అర్థం కాకుండా చదువుతుంటే అంకెలు జారిపోతున్నాయని, మామ స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన నా అరచేయి అడిగాడు. చూపుడువేలితో దాని మీద ఆరు మూలల బొమ్మ గీశాడు. చూడకుండానే. గీత గీతకీ కలిసింది.

"ఇది బెంజీన్ చట్రం. దీని ఒక మూలకు ఓహెచ్, అంటే ఆక్సిజన్ హైడ్రోజన్ జత, ఉంటే ఫినాల్ అంటరు. నీకు జీడిపిక్కల నూనె ఎరుకేనా?"

ఎరుకే. చిన్నప్పుడు దమ్మపేటలో మా మేనత్త వాళ్ళ జీడితోటలో పచ్చి జీడిపిక్క కొరికితే పెదవి పొక్కి వారం రోజులు అన్నం తినలేదు. ఆ మాట చెప్పాను.

"ఆ నూనెల ఉన్నదే ఈ ఫినాలు. నీ పెదవి కాల్చింది ఇదే," అని నవ్వాడు. మళ్ళీ అరచేతిలో ఓహెచ్ నుంచి ఒక మూల వదిలి తర్వాతి మూల దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి మణికట్టు దాకా పొడుగ్గా లాగాడు. "ఇది తోక. పదిహేను కార్బన్లు."

నా పెదవి పొక్కించినదానికి ఆరు మూలలు, ఒక తోక. ఇన్నేళ్ళూ నాకు తెలియదు. అరచేయి ఇంకా అలాగే మూసి పెట్టుకున్నాను. రాయడానికి తెరవాల్సి వచ్చింది.

జూలై 11

ఇవాళ చాలా విన్నాను. మరిచిపోకముందే రాస్తాను.

ఓహెచ్ ఉంది కదా, అది చట్రాన్ని వదలదట. ఎంత కాచినా వదలదు. వదిలి బయటికి వస్తే అది నిమ్మళంగా బతకలేదు, అందుకని అతుక్కునే ఉంటుంది. దానికి ఆ పొగలు కక్కే రసాయనాన్ని మంచుగడ్డల చల్లదనంలో చుక్క చుక్కగా కలుపుతారు. అప్పుడు ఓహెచ్ ఉన్నచోట ట్రిఫ్లేట్ అనేది తయారవుతుంది. ఒక గంధకం, మూడు ఆక్సిజన్లు, ఒక కార్బన్, దానికి మూడు ఫ్లోరిన్లు. రెండో నంబరు అదే. మూడు నుంచి ఇరవై నాలుగు దాకా అన్నీ దాని పిల్లలే.

"ట్రిఫ్లేట్ బయటికి పోయినా హాయిగ బతుకుతది. బయట బతకగలిగింది జల్దీ వదుల్తది. గంతే లెక్క," అన్నాడు.

చాలాసేపు ఆ మాటే నా లోపల తిరిగింది.

అది వదిలేటప్పుడు పల్లాడియం అనే లోహం వచ్చి మధ్యలో దూరి, ఆ ఖాళీ మూలకు కొత్తదాన్ని తెచ్చి అతికిస్తుందట. అతికించి తాను పక్కకు తప్పుకుంటుంది. మళ్ళీ ఇంకొకదానికి అదే పని. కంటికి ఆననంత లోహం కుండెడు సరుకును కలిపి, చివరికి తాను తానుగానే మిగులుతుంది.

ఆ మూలకు ఏమైనా పెట్టొచ్చట. ఇంకో చట్రాన్ని కలపొచ్చు. నత్రజని పెట్టొచ్చు. పొగలో ఉండే విషవాయువును లోపలికి పంపి ఆమ్లం చేయొచ్చు. ఏమీ పెట్టకుండా ఉత్త హైడ్రోజన్ పెడితే అక్కడ ఓహెచ్ ఒకప్పుడు ఉండేదన్న ఆనవాలు కూడా ఉండదు. మందులు చేసేవాళ్ళు, రంగులు చేసేవాళ్ళు, ఫోను అద్దం వెనక వెలిగే పదార్థాలు చేసేవాళ్ళు అందరికీ ఇది కావాలట.

"గివన్నీ నువ్వు చేసినవా?" అని అడిగాను. మామ ఉన్నాడని మరిచి. గొంతు తగ్గించే అడిగాననుకుంటాను.

"అవ్. ఒక జీడిపిక్క నుంచి."

మామ వాన వైపు చూస్తున్నాడు. విన్నాడో లేదో.

జూలై 12

పక్కింటి పూలి ముసలమ్మ మంటకని నిప్పు అడగడానికి వచ్చి నేను గీస్తున్న చట్రాలు చూసింది. "ఏందే గిది, తేనెపట్టా? మొగడు అడివికి పోలేడని కాగితం మీద తేనె తీస్తున్నవా?"

అత్త అంది, "తేనె గాదు, వాని సదువు. గా తోక జూడు, తేలు లెక్కుంది. గందుకే కుట్టింది నా కొడుకును."

పూలి నా బొమ్మను తిప్పి తిప్పి చూసి, "మూలలు మంచిగ కుదిరినయి. మా కాలంల అద్దాల రైకకు గిట్ల కుట్టేదాన్ని," అని నిప్పు తీసుకుని పోయింది.

జూలై 14

ఒక్కో పదార్థానికి మూడు కాగితాలు ఎందుకో తెలిసింది. ఒకటి హైడ్రోజన్లది. ఒకటి కార్బన్లది. ఆ రెండింట్లో గీతలు గడ్డిలా నిండి ఉంటాయి. మూడోది ఫ్లోరిన్‌ది.

ఫ్లోరిన్ కాగితం రెండో నంబరుది తీసి చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా ఉండి, ఒకేఒక్క గీత. నిటారుగా. మైనస్ డెబ్బై మూడు దగ్గర. చుట్టూ ఏమీ లేదు. పెద్ద చెరువులో ఒక్క కర్ర పాతినట్టు.

"ట్రిఫ్లేట్ ఉంటే గా గీత ఉంటది. ట్రిఫ్లేట్ పోయి కొత్తది వచ్చినంక గీత పోతది. మూడో నంబరుది చూడు."

మూడోది ఖాళీ. నాలుగోది ఖాళీ. అయిదు, ఆరు, ఏడు, అన్నీ ఖాళీ. కింద సన్నగా వణికే గీత తప్ప ఏమీ లేదు. అయిందీ అనడానికి గుర్తు ఒక ఖాళీ కాగితం! ఆ ఖాళీ కాగితాలను పట్టుకుంటే నా చేతులు వాటంతటవే జాగ్రత్తపడుతున్నాయి.

జూలై 16

ఆయన పుస్తకంలో లేనిది ఒకటి చెప్పాడు. ట్రిఫ్లేట్ పక్క మూలలో సిలికాన్ పెట్టి, దాన్ని ఫ్లోరైడ్‌తో పీకితే ట్రిఫ్లేట్ కూడా ఊడిపోతుందట. రెండు మూలలూ ఒకేసారి ఖాళీ. బెంజైన్ అంటారట. కంటిరెప్ప కొట్టినంతసేపు కూడా ఉండదు, దొరికినదాన్ని పట్టేసుకుంటుంది. సీసాలో పోసి ఇదిగో అని చూపించినవాళ్ళు లేరు. అది దేన్ని పట్టుకుందో చూసి, మధ్యలో అది ఉండి ఉంటుందని తెలుసుకుంటారు.

చూడనిదాన్ని అంత నమ్మకంగా చెబుతున్నాడు. కళ్ళకు కట్టు ఉండగా.

జూలై 18

పదిహేడో నంబరు. ఆయన చూడని వాటిలో మొదటిది.

ఫ్లోరిన్ కాగితంలో గీత ఉంది.

వేరే నంబరుదేమో అని పైన చూశాను. పదిహేడే. ఆయన రాతపుస్తకంలోని పేజీ నంబరే ఉంది. మైనస్ డెబ్బై మూడు.

హైడ్రోజన్ కాగితం కూడా తీసి రెండో నంబరుదాని పక్కన పెట్టాను. తల్లిగారింట్లో రైకలకు అద్దాల పని చేసిన నా చేతులకు రెండు అంచులు ఒకటో కాదో తెలుస్తుంది. ఒకటే.

నాకేం తెలుసు. నేనే తప్పు చూసి ఉంటాను. కొన్నింటిలో గీత ఉండొచ్చేమో, నాకు చెప్పడం మరిచాడేమో.

చెప్పలేదు. మామ ఉన్నాడు.

జూలై 19

మామ యూరియా కోసం చండ్రుగొండ పోయాడు. మధ్యాహ్నం దాకా రాడు.

బట్టలు చాలా ఉన్నాయి. ఉతికాను. దుప్పట్లు కూడా ఉతికాను. వానలో ఆరవని తెలిసినా.

జూలై 20

ఆయనకు తలనొప్పి. ఇవాళ చెప్పడం మంచిది కాదు.

జూలై 22

సిగ్నల్ దొరికి జ్యోత్స్న ఫోను చేసింది. ఆయన పదిహేడో నంబరు గురించే మాట్లాడాడు. కలపాల్సిన రెండో చట్రానికి రెండు పక్కలా, ఎదురు మూలలోనూ మిథైల్ అనే కొమ్ములున్నాయట. కొమ్ములుంటే లోహం దగ్గరికి రానివ్వవు. ఇంత తోక ఉన్నదానితో అలాంటిదాన్ని కలిపినవాళ్ళు లేరట. ఆయనకు పీహెచ్‌డీ చేయిస్తున్న సారు ఆఖరి అధ్యాయమంతా దాని మీదే నిలబెట్టమన్నాడట. ఆ ఒక్కటి లేకపోతే అది అధ్యాయమే కాదు, సంతకం పెట్టను అన్నాడట.

"గాజు పలక మీద చుక్క ఎక్కంగనే తెలిసింది నాకు, అయిందని," అన్నాడు ఆయన. కలిసిందో లేదో చూడటానికి పలక మీద చుక్క పెట్టి, అది ఎంత ఎత్తు ఎక్కుతుందో చూస్తారట. కట్టు కింద ముఖం ఎంత వెలిగిందో.

మామ కూడా విన్నాడు. సాయంత్రం తండాలోని లచ్చిరాం వస్తే, "కలవనియ్యని కొమ్ములున్నదాన్ని గూడ కలిపిండు నా కొడుకు," అని చెప్పాడు. లచ్చిరాం, "ఎద్దులా?" అని అడిగాడు. మామ కాసేపు ఆలోచించి, "అవ్, గట్లాంటివే," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఆయనే అయిందన్నప్పుడు అయినట్టే కదా.

జూలై 24

రేపు జ్యోత్స్న కాగితాల కోసం వస్తుంది. ఆఖరిసారి వరుసగా చూస్తున్నాం. మామ మంచం మీద, అత్త గడప దగ్గర పప్పు ఏరుతోంది. నేను గుసగుసగా నంబరు చెబుతుంటే ఆయన తల ఊపుతున్నాడు.

"పదిహేడు ఫ్లోరిన్. ఖాళీ. పెట్టెయ్," అన్నాడు తనే.

నా చేతిలో కాగితం ఉంది. పెట్టేయాలి.

"ఖాళీగ లేదు," అన్నాను.

గుసగుసగా కాదు. మామూలు గొంతుతో వచ్చింది. ఇల్లంతా వినబడింది. అత్త చేట ఆగింది.

"ఏందీ?"

"గీత ఉంది. మైనస్ డెబ్బై మూడు."

"రెండోది చూస్తున్నవ్. సరిగ చూడు."

"రెండోది పక్కన ఉంది. ఇది పదిహేడే."

"నీకేం ఎరుక?" అని అరిచాడు. ఆయన నా మీద అరవడం ఇదే మొదలు. "మిషన్ కాగితాలు నువ్వు సదువుతవా? ఏడు దాకా సదివి?"

నేను చదువుతానని ఆయనే అన్నాడు కదా. అప్పుడు మామ లేచాడు. నా మీదికే వస్తున్నాడనుకుని కొంగు గడ్డం దాకా లాక్కున్నాను. మామ మంచాన్ని ఎత్తి అటు తిప్పి, గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

"సదువు బిడ్డా," అన్నాడు గోడతో. "నేను ఇటు ఉన్న. నాకు ఇనవడది. మొదటికెల్లి సదువు."

మామ నాతో అన్న మొదటి మాటలు అవి. మా తండా భాషలోనే అన్నాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

మొదటి నుంచి చదివాను. గట్టిగా. రెండో నంబరుది ఒక అంకె, పదిహేడోది ఒక అంకె. ఒకటే. ఒకటే. ఒకటే. కొమ్ములుంటే రెండు దగ్గరొకటి, రెండు పాయింటు మూడు దగ్గరొకటి గీతలు రావాలన్నాడు. చూశాను. లేవు. మళ్ళీ చూడమన్నాడు. కాగితాన్ని కిటికీకి ఆనించి చూశాను. లేవు.

చాలాసేపటికి ఆయన, "తోకున్నయన్నీ పలక మీద ఒకటే ఎత్తు ఎక్కుతయి," అన్నాడు. ఎవరికో కాదు. తనకే.

మామ ఇంకా గోడ వైపే ఉన్నాడు.

జూలై 25

జ్యోత్స్న కాగితాలు చూసి తల పట్టుకుంది. మళ్ళీ చేయాలంటే కనీసం పది రోజులు. ఉన్నవి ఆరు.

"అన్నా, ఈ ఫ్లోరిన్ కాగితం ఒక్కటి తీసేద్దం," అంది చివరికి. "మిగతా రెండిట్ల తోక గీతలే నిండున్నయి. ఎవరూ అంత చూడరు. ఆరేండ్లన్నా. నా కళ్ళ ముంగట పోగొట్టుకోకు."

ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. మోసం నేర్పే మనిషి కాదు. ఆయన కోసం భయపడుతోంది.

జ్యోత్స్న మిగతా ఇరవై మూడింటి కాగితాలు తీసుకుని సాయంత్రం బస్సుకు పోయింది. పదిహేడోవి మూడూ ఇక్కడే ఉన్నాయి.

ఆయన అన్నం తినలేదు.

జూలై 26

పదిహేడోవి మూడు కాగితాలూ అడిగి తీసుకుని, పొద్దంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

జూలై 27

"నువ్వైతే ఏం చేస్తవు?" అని అడిగాడు. పొద్దున్నే, చాయ్ ఇస్తుంటే.

నన్ను ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాను, "ఉన్న గీతను లేదని ఎట్లా రాస్తరు?"

చాయ్ గ్లాసు చేతిలో అలాగే ఉంది. తర్వాత నవ్వాడు. నవ్వుతూ ఉంటే కట్టు అంచులు తడిశాయి. తడవకూడదన్నాడు డాక్టర్. నేను కొంగుతో అద్దాను. అత్త చూస్తోంది. అద్దుతూనే ఉన్నాను.

ఇవాళ ఇంట్లో సిగ్నల్ లేదు. ఆయన చెయ్యి పట్టుకుని, గొడుగు పట్టి, రోడ్డు పక్క గట్టు దాకా నడిపించాను. పట్టపగలు, తండా మధ్యలోంచి. పూలి తన గడపలోంచి, "మెల్లగ తోలవే, బండి కొత్తది," అని అరిచింది. నా చెవులు కాలిపోయాయి. చెయ్యి మాత్రం వదల్లేదు.

సారుకు ఫోను చేశాడు. సారు గొంతు నాకు కూడా వినబడింది.

"ఇప్పుడా చెప్పేది! నాలుగు రోజులు పెట్టుకుని!"

"చూడలేదు సార్. ఇంట్ల చదివించిన్న. మా ఆమె పట్టుకుంది."

వాన పెరిగితే గొడుగు ఆయన మీదికి ఇంకా జరిపాను.

"ఆ కాగితం తీసి దాచుదామంటవా, ఏం చేద్దామనుకుంటున్నవ్?" అని అడిగాడు సారు.

"కాలేదని రాస్త సార్."

"రాయి. ఎంత వేడి, ఎన్ని గంటలు, ఎంత వెనక్కొచ్చింది, ఎందుకు కాలేదు. ఒక పేజీ. చూసినంక సంతకం సంగతి చెప్త. ఇప్పుడు మాటియ్య."

జూలై 28

ఇవాళ నేను ఆయన పుస్తకంలో ఒక పేజీ రాశాను.

రాతపుస్తకంలో పదిహేడోదాని పేజీ వెతికి అన్నీ చదివి వినిపించాను. ఎనభై డిగ్రీలు. పద్దెనిమిది గంటలు. వేసింది ఎంత, సీసాలో చివరికి మిగిలింది ఎంత. ఆయన మనసులోనే లెక్క కట్టాడు. నూటికి తొంభై ఒక్క వంతులు తిరిగి వచ్చిందట. తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పాడు, ఒక్కో అక్షరం. నేను ఒక్కో అక్షరం రాశాను. ఒక వాక్యం అయ్యాక దాని అర్థం అడిగాను.

"కలపడానికి ప్రయత్నించినం. కలవలేదు. మొదలు వేసిన ట్రిఫ్లేటే మారకుండ తిరిగొచ్చింది. ఫ్లోరిన్ గీతే సాక్ష్యం."

జరిగినవాటికే పుస్తకాలు రాస్తారనుకున్నాను. జరగనిదానికి కూడా ఇంత వేడి, ఇన్ని గంటలు, ఇంత మిగిలింది అని ఒక పేజీ ఇస్తారా! రేపు ఎక్కడో ఎవరో ఆ కొమ్ములున్నదాన్ని కలపబోయి ఈ పేజీ చూస్తారట. ఈ దారిన పోకుండా ఇంకో దారి వెతుకుతారట. వాళ్ళ నెల రోజులు మిగులుతాయి. వాళ్ళు ఎవరో మాకు తెలియదు. మేమెవరో వాళ్ళకు తెలియదు.

మామ గోడ వైపు మంచం మీద ఉండి అన్నీ విన్నాడు. మధ్యలో ఒకసారి గోడతోనే అడిగాడు, "కొమ్ములు కోసేస్తె కలుస్తదేమో?"

"లోహానికి తోడుగ వేసే జత మారిస్తె కలవొచ్చు బా," అన్నాడు ఆయన. తండ్రిని బా అంటాడు.

"గది గూడ రాయుండ్రి మరి."

అది కూడా రాశాం. ఆఖరి వాక్యం మామదే.

జూలై 29

మామ నేను రాసిన పేజీని, పదిహేడోవి మూడు కాగితాలనూ ప్లాస్టిక్ కవరులో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని చండ్రుగొండ పోయి సారుకూ జ్యోత్స్నకూ ఫొటోలు పంపించి వచ్చాడు. సారు చూసినట్టు గుర్తు వచ్చిందట. జవాబు లేదు.

జూలై 30

జవాబు లేదు.

ఆయన నా అరచేయి అడిగాడు. ఏమీ గీయలేదు. పట్టుకున్నాడు.

జూలై 31

పొద్దుటి నుంచి కుండపోత. వాగు రోడ్డు మీదికి వచ్చింది. సిగ్నల్ గట్టు దగ్గరే, అది కూడా వచ్చీ రానట్టు. ఆయన వెళ్తానంటే అత్త, "కట్టు తడిస్తే కండ్లు పోతయి, నువ్వు కదిలితే నా మీద ఒట్టే," అంది. మామ ఫోను తీసుకుని పది గంటలకే పోయాడు.

పన్నెండయింది. రెండయింది. ఆయన గంటకు మూడుసార్లు టైము అడిగాడు. నాలుగయింది. అడగడం మానేశాడు. నేను బియ్యం కడిగి, కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను.

అయిదు దాటాక మామ వచ్చాడు. గొడుగు ఫోను మీద పట్టుకుని ఉన్నాడు, తను నిలువునా తడిసిపోయాడు. ఆయన లోపలి గదిలో ఉన్నాడు. నేను ముందు గదిలో ఉన్నాను. మామ గోడ వైపు తిరగలేదు. నా వైపే చూశాడు.

"సారు పొద్దున్నే సంతకం పెట్టిండంట. జ్యోత్స్న మూడున్నరకు ఆఫీసుల ఇచ్చిందంట. తీసుకున్నరంట బిడ్డా," అన్నాడు. ఊపిరి అందడం లేదు. "కాలేదన్న పేజీతోటే. ఇరవై నాలుగు అని రాసిన కాడ ఇరవై మూడు అని దిద్దుకొని, గా పేజీతోటే తీసుకున్నరంట."

ఇంటి పైన రేకుల మీద వాన ఎంత చప్పుడు చేస్తోందంటే లోపలికి ఏమీ వినబడదు.

"ఏమన్నడు? ప్రమీలా, బా ఏమంటుండు?" అని ఆయన లోపలి నుంచి అరిచాడు.

మామ నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు, బట్టల నుంచి నీళ్ళు కారుతూ. నేను చెప్పేదాకా ఆగాడు.

నేను వానకన్నా గట్టిగా చెప్పాను.